దూరం పెరిగేది 8 శాతం.. ప్రయాణం పెరిగేది 10 గంటలు
గన్నవరం నుంచి డాలస్‌కు ఆకాశమార్గం 14,515 కి.మీ. - దివిసీమ ప్రవాసులకు నేలమీదే జాప్యం

అవనిగడ్డ: అది 2025 సెప్టెంబరు 20, శనివారం. ఇంద్రకీలాద్రిపై శరన్నవరాత్రులు మొదలు కావడానికి ఇంకా రెండు రోజుల వ్యవధి ఉంది. హెచ్‌-1బి వీసాలపై లక్ష డాలర్ల రుసుము విధిస్తూ అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ సంతకం చేశారన్న వార్త ఆ తెల్లవారుజామున ఊళ్లకు చేరింది. అమెరికా తూర్పు తీర కాలమానం ప్రకారం 21వ తేదీ రాత్రి 12 గంటల 1 నిమిషం నుంచి ఆ ఉత్తర్వు అమల్లోకి రావలసి ఉంది. సెలవుపై స్వదేశాలకు వెళ్లిన ఉద్యోగులు ఆలోగా తిరిగి రావాలని పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థలు హుటాహుటిన సందేశాలు పంపాయి. ఆ గడువు భారత కాలమానం ప్రకారం ఆదివారం ఉదయం 9 గంటల 31 నిమిషాలు. శనివారం ఉదయం ఆరింటికి వార్త విన్నవారి చేతిలో మిగిలింది ఇరవై ఏడున్నర గంటలు మాత్రమే.

పండగకు దివిసీమ వచ్చినవారికి ఆ వ్యవధి సరిపోయేదా? లెక్క వేస్తే సరిపోదనే తేలుతుంది. అవనిగడ్డ నుంచి శంషాబాద్‌కు కారులో ఏడు గంటలు పడుతుంది. అంతర్జాతీయ ప్రయాణికులు మూడు గంటలు ముందుగా విమానాశ్రయంలో ఉండాలి. అక్కడి నుంచి గల్ఫ్‌కు నాలుగు గంటలు, విమానం మారేందుకు కనీసం రెండు గంటలు, గల్ఫ్ నుంచి న్యూయార్క్‌కు సుమారు పద్నాలుగు గంటలు. కోరిన క్షణాన టిక్కెట్ దొరికి, ఎక్కడా ఒక్క నిమిషం వృథా కాకపోయినా ముప్పై గంటలు దాటని ప్రయాణం కాదు. రుసుము కొత్త దరఖాస్తులకే గాని ఇప్పటికే వీసా ఉన్నవారికి వర్తించదని శ్వేతసౌధం ఆ శనివారమే వివరణ ఇవ్వడంతో గండం తప్పింది. ఆ వివరణ రాకుంటే దివిసీమ ఇళ్లలో ఆ పండగ ఎలా గడిచేదో ఊహించడం కష్టం కాదు. హైదరాబాద్‌లో ఉన్నవారికి అదే గడువు బొటాబొటిగానైనా అందుబాటులో ఉంది. అవనిగడ్డలో ఉన్నవారికి లేదు. తేడా అంతా ఆ ఏడు గంటల రహదారిలోనే ఉంది.

దారం గీసిన దారి

తెలుగువారు అధికంగా స్థిరపడిన అమెరికా నగరాల్లో డాలస్ ఒకటి. గన్నవరం విమానాశ్రయం నుంచి డాలస్ విమానాశ్రయానికి భూగోళంపై కొలిచే అతి దగ్గరి దూరం సుమారు 14,515 కిలోమీటర్లు. శాన్‌ఫ్రాన్సిస్కోకైతే 13,525 కిలోమీటర్లు. గోడకు తగిలించిన ప్రపంచ పటం చూసి అమెరికాకు దారి పడమరగా అరేబియా, ఐరోపా, అట్లాంటిక్ మీదుగా ఉంటుందని చాలామంది భావిస్తారు. పాఠశాలలోని గ్లోబు తీసుకుని గన్నవరం వద్ద దారం ఒక కొస, డాలస్ వద్ద మరో కొస పట్టి బిగించి చూస్తే దారి వేరుగా కనిపిస్తుంది. గన్నవరం తూర్పు రేఖాంశం 80.8 డిగ్రీలు, డాలస్ పశ్చిమ రేఖాంశం 97 డిగ్రీలు. రెండూ కలిపితే దాదాపు 178. అంటే రెండు ఊళ్లూ ఉత్తర ధ్రువానికి ఇటొకటి, అటొకటి ఇంచుమించు ఎదురెదురుగా ఉన్నాయి. దారం గన్నవరం నుంచి తిన్నగా ఉత్తరానికి సాగి, లక్నో పరిసరాలు, నేపాల్, టిబెట్, కజకిస్థాన్ తూర్పు అంచు, సైబీరియా దాటి, ధ్రువాన్ని దాదాపుగా ఆనుకుని అవతలి వైపున కెనడాలోకి దిగుతుంది. డాలస్ వెళ్లడానికి దగ్గరి దారి ఉత్తరానికే తప్ప పడమరకు కాదు.

ఈ దారిలో యథాతథంగా విమానం నడపడం కుదరదు. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తు 14 వేల అడుగులకు పైమాటే. విమానం లోపల గాలి పీడనం పడిపోతే పైలట్ వెంటనే పదివేల అడుగుల ఎత్తుకు దిగాలి. కింద నేలే అంతకన్నా ఎత్తున ఉంటే దిగే చోటేదీ? అందుకే ఆ ప్రాంతాన్ని విమానాలు చుట్టి పోతాయి. ధ్రువం వద్ద చలికి ఇంధనం గడ్డకట్టకుండా చూసుకోవడం, ఒక ఇంజన్ చెడితే అందుబాటులో మరో విమానాశ్రయం ఉండేలా దారి ఎంచుకోవడం అదనపు చిక్కులు. అయినప్పటికీ అసాధ్యమేమీ కాదు. 2021 జనవరిలో ఎయిరిండియా మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా ఏకబిగిన విమానం నడిపి వచ్చారు. దాదాపు 14,500 కిలోమీటర్ల దూరమున్న ఆక్లాండ్ - దోహా మధ్య, 15,300 కిలోమీటర్లు దాటిన సింగపూర్ - న్యూయార్క్ మధ్య ప్రయాణికుల విమానాలు ఆగకుండా తిరుగుతున్నాయి. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో గన్నవరం - డాలస్ దూరానికి పదహారు, పదిహేడు గంటలు చాలు.

దూరం తక్కువైతే సమయం కూడా తక్కువేనన్న నమ్మకాన్ని గాలి సైతం వమ్ము చేస్తుంది. 2016 అక్టోబరులో ఎయిరిండియా తన ఢిల్లీ - శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ మార్గం మాని పసిఫిక్ మీదుగా తూర్పు దిశకు మళ్లించింది. దూరం 13,900 కిలోమీటర్ల నుంచి 15,300కు పెరిగింది. పడమటి నుంచి తూర్పునకు వీచే పైగాలుల తోడ్పాటుతో పద్నాలుగున్నర గంటల్లోనే విమానం గమ్యం చేరింది. దారి పొడవు పెరిగి, ప్రయాణం తగ్గింది. గోదావరి పడవవారికి, కృష్ణా పాయల్లో తెరచాప ఎత్తినవారికి ఇందులో వింతేమీ కనిపించకపోవచ్చు.

ఎనిమిది శాతం దగ్గర మొదలై..

దివిసీమ ప్రయాణికుడు వాస్తవంగా వెళ్లే దారి కొలిస్తే ఆసక్తికరమైన సంగతి బయటపడుతుంది. గన్నవరం నుంచి హైదరాబాద్ 264 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,547, దుబాయ్ నుంచి డాలస్ 12,919. మొత్తం 15,730 కిలోమీటర్లు. తిన్నని దారితో పోలిస్తే అదనం 1,215 కిలోమీటర్లు, అంటే సుమారు 8 శాతం. విమానం వేగంతో చూస్తే ఇది గంటా ఇరవై నిమిషాల పని.

ఇంటి గుమ్మం నుంచి లెక్కించినప్పుడు మాత్రం సంఖ్యలు మారిపోతాయి. గన్నవరం నుంచే నేరుగా విమానం ఉందనుకుంటే అవనిగడ్డ నుంచి అక్కడికి రెండు గంటలకు పైగా, విమానాశ్రయంలో మూడు గంటలు, ఆకాశంలో పదిహేడు గంటలు కలిపి ఇరవై రెండు గంటల పైచిలుకు. శంషాబాద్, దుబాయ్ మీదుగా అయితే రహదారిపై ఏడు గంటలు, నిరీక్షణ మూడు, దుబాయ్‌కి నాలుగు, అక్కడ రెండున్నర, డాలస్‌కు పదహారు కలిపి ముప్పై రెండున్నర గంటలు. తేడా పది గంటలు. ఇందులో విమానం అదనంగా ఎగిరే సమయం మూడు గంటలే. మిగతాదంతా కారు సీట్లోనూ, వరసల్లోనూ, కుర్చీల్లోనూ కరిగిపోయే కాలం.

గన్నవరం నుంచి హైదరాబాద్‌కు విమానం ఉండగా రాత్రంతా కారులో పోవడమెందుకని కొత్తవారు అడుగుతారు. ఆకాశంలో ఈ ప్రయాణం గంటలోపే. అయితే అవనిగడ్డ నుంచి గన్నవరానికి రెండు గంటలు, అక్కడ గంటన్నర ముందు చేరిక, హైదరాబాద్‌లో దిగాక అర్ధరాత్రో తెల్లవారుజామునో బయలుదేరే గల్ఫ్ విమానం కోసం నాలుగైదు గంటల ఎదురుచూపు.. అన్నీ కలిపితే కారుతో పోలిస్తే మిగిలేది గంట, గంటన్నర. వేర్వేరు టిక్కెట్లు తీసుకుంటే పెట్టెలు మళ్లీ దించుకుని మళ్లీ అప్పగించాలి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే బాధ్యత వహించేవారుండరు. ఇరవై మూడేసి కిలోల పెట్టెలు రెండు, ఆవకాయ జాడీలు, వెంట వయసు మళ్లిన తల్లిదండ్రులు ఉన్న ఇంటివారు కారునే నమ్ముకోవడంలో ఆశ్చర్యమేముంది?

టిక్కెట్టుపై ముద్రించిన వేళలు మరో భ్రమ కల్పిస్తాయి. హైదరాబాద్‌లో ఉదయం 4 గంటలకు బయలుదేరిన ప్రయాణికుడు అదే రోజు సాయంత్రం 4 గంటలకు డాలస్‌లో దిగినట్లు కాగితంపై కనిపిస్తుంది. పన్నెండు గంటల ప్రయాణమని ఇంట్లో పెద్దవారు తృప్తి పడతారు. చలికాలంలో డాలస్ గడియారం భారత గడియారం కన్నా పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. వాస్తవంగా గడిచింది ఇరవై మూడున్నర గంటలు. తిరుగు ప్రయాణంలో ఆ అప్పు వడ్డీ లేకుండా తీరుతుంది. శుక్రవారం బయలుదేరినవారికి శనివారం ఎక్కడ పోయిందో తెలియదు.

సూర్యాస్తమయాల లెక్క

ఉద్యోగం, చదువు కోసం వెళ్లేవారికి పది గంటలు విసుగుతో సరి. ఇంట్లో మరణం సంభవించినప్పుడు దాని అర్థం వేరు. దివిసీమ పల్లెల్లో ఫ్రీజర్ పెట్టె అద్దెకు తెచ్చి, బిడ్డ వచ్చేవరకు భౌతికకాయాన్ని ఉంచడం కొన్నేళ్లుగా మామూలైపోయింది. పగటివేళలోనే దహనం జరపాలన్నది ఆచారం. అందువల్ల ఆలస్యాన్ని ఇంటివారు గంటల్లో కొలవరు. కొడుకో, కూతురో మధ్యాహ్నం లోపు ఊరు చేరితే ఆ రోజే కార్యం పూర్తవుతుంది. శంషాబాద్‌లో మధ్యాహ్నం దిగి, రాత్రి తొమ్మిదికి అవనిగడ్డ చేరితే మరో రాత్రి ఆగాలి. అంటే నాలుగు గంటల జాప్యం ఒక పూర్తి దినాన్ని మింగేస్తుంది. బంధువులు వరండాలో, వాకిట్లో జాగరణ చేస్తారు. కరెంటు పోకుండా జనరేటర్ సిద్ధం చేసుకోవాలి. ఆగుదామా, కానిద్దామా అన్న మాట మొదట ఎవరు అనాలన్నది ఆ ఇంట్లో అన్నిటికన్నా బరువైన ప్రశ్న.

రాలేనివారి సంఖ్య కూడా తక్కువేమీ కాదు. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్‌-1బి దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమ ఖాతాల పరిశీలన మొదలైన దరిమిలా, భారత్‌లోని అమెరికా కాన్సులేట్లు ఆ నెలలో ఇచ్చిన వీసా ఇంటర్వ్యూలను నెలల తరబడి వాయిదా వేశాయి. ముద్ర వేయించుకునేందుకు వచ్చినవారు ఇక్కడే చిక్కుకుపోయారు. అక్కడున్నవారు కదలడానికి జంకారు. వచ్చేందుకు ముప్పై గంటలు, వెళ్లేందుకు ఎన్ని నెలలో తెలియని ప్రయాణాన్ని ఎవరు సాహసిస్తారు? అంత్యక్రియలను ఫోన్ తెరపై చూసి సరిపెట్టుకున్న కుటుంబాల బాధ విమాన వేళల పట్టికలో ఎక్కడా నమోదు కాదు.

దూరాన్ని కాలంతో కొలవడం దివిసీమకు కొత్త కాదు. పులిగడ్డ అక్విడక్టు రాకముందు నదీపాయను పడవపై దాటనిదే ఈ సీమకు చేరే వీలు లేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో వేల ప్రాణాలు పోయినప్పుడు, దారులు తెగిపోయి సహాయం ఊళ్లకు చేరడానికే రోజులు పట్టింది. 1975లో హైదరాబాద్‌లో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపిన నాటి విద్యాశాఖ మంత్రి మండలి వెంకటకృష్ణారావు ఈ నియోజకవర్గం వారే. ప్రపంచ తెలుగువారిని ఒకచోట చేర్చిన నాయకుడి సీమకు నేటికీ రైలు లేదు. మచిలీపట్నం - రేపల్లె రైలుమార్గం కోరిక దశాబ్దాలుగా వినతిపత్రాల్లోనే ప్రయాణిస్తోంది.

గన్నవరం ఎంతవరకు వచ్చింది?

రెండో ప్రపంచ యుద్ధ కాలపు ఎయిర్‌స్ట్రిప్ గన్నవరం. 2017 జనవరిలో కొత్త టెర్మినల్ ప్రారంభమైంది. అదే ఏడాది అంతర్జాతీయ హోదా దక్కింది. 2018 డిసెంబరు 4న తొలి అంతర్జాతీయ విమానం సింగపూర్‌కు ఎగిరింది. నష్టం వస్తే రాష్ట్ర ప్రభుత్వమే భరిస్తుందన్న ఒప్పందంపై నడిచిన ఆ విమానం 2019 మధ్యలో ఆగిపోయింది. ప్రభుత్వ ఖజానా నుంచి ఊపిరి అందినంతకాలమే విమానం నడిచిందన్నది అందులోని పాఠం. కరోనా కాలంలో వందే భారత్ విమానాలు ప్రవాసులను ఇక్కడికి తీసుకొచ్చాయి. 2021 జులైలో 3,360 మీటర్ల రన్‌వే అందుబాటులోకి వచ్చింది. 2022 అక్టోబరు 31న షార్జా విమానం మొదలైంది. సింగపూర్ విమానం 2025 నవంబరులో పునరుద్ధరణకు నోచుకుంది. 2019లో శంకుస్థాపన జరిగిన కొత్త టెర్మినల్ మాత్రం గడువు మీద గడువు దాటుతూ వచ్చింది.

గన్నవరం నుంచి షార్జా గగనతలంలో 2,797 కిలోమీటర్లు, సింగపూర్ 3,048. రెండూ నాలుగు గంటల ప్రయాణాలే. గల్ఫ్‌లో పనిచేసే కార్మికులకు షార్జా విమానం నిజంగా మేలు చేసింది. అమెరికా ప్రయాణికుడికి మాత్రం షార్జా చేరడం వల్ల సగం లాభమే. అక్కడి నుంచి దుబాయ్‌కి రోడ్డుపై వెళ్లి, వేరే టిక్కెట్‌పై మరో విమానం ఎక్కవలసి ఉంటుంది. పెట్టెలు గన్నవరంలో ఇచ్చి డాలస్‌లో తీసుకునే ఏర్పాటు కావాలంటే దుబాయ్, దోహా, అబుదాబిలలో ఏదో ఒక కూడలికి అక్కడి పెద్ద సంస్థల విమానమే రావాలి. అలా వస్తే అవనిగడ్డ - డాలస్ ప్రయాణం ఇరవై ఎనిమిదిన్నర గంటలకు తగ్గుతుంది. ఆదా అయ్యేవి నాలుగు గంటలే అయినా, అవి రాత్రివేళ జాతీయ రహదారిపై గడిపే గంటలు కావడం గమనార్హం.

ఢిల్లీ మీదుగా ఒకే టిక్కెట్‌పై వెళ్లే వెసులుబాటు ఉన్నా దానికీ అవాంతరాలు వచ్చిపడ్డాయి. పహల్గాం ఉగ్రదాడి అనంతరం 2025 ఏప్రిల్ 24న పాకిస్థాన్ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసివేసింది. ఆ నిషేధాన్ని నెలనెలా పొడిగిస్తూ వచ్చింది. ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికా వెళ్లే ఎయిరిండియా విమానాలు చుట్టు తిరిగి వెళ్లవలసి రావడంతో కొన్ని మధ్యలో ఐరోపాలో ఇంధనం కోసం ఆగాయి. ఢిల్లీ - వాషింగ్టన్ విమానాన్ని ఆ సంస్థ 2025 సెప్టెంబరు 1 నుంచి నిలిపివేసింది. గల్ఫ్ దారి సైతం భద్రమని చెప్పలేని పరిస్థితి. 2025 జూన్ 23న ఖతార్‌లోని అమెరికా స్థావరంపై ఇరాన్ క్షిపణులు ప్రయోగించినప్పుడు గల్ఫ్ దేశాలు కొన్ని గంటలపాటు గగనతలాలను మూసివేయగా వేలమంది మధ్యదారిలో చిక్కుకున్నారు. ఒకే కూడలిపై ఆధారపడటం ఎంత ప్రమాదమో ఆ రాత్రి తెలిసివచ్చింది.

ఇక గన్నవరం నుంచి అమెరికాకు నేరు విమానమన్న మాట ఎన్నికల సభలకు బాగుంటుంది. హైదరాబాద్ అనుభవం చూస్తే ఆశ నిలవదు. 2021 జనవరిలో ఎయిరిండియా హైదరాబాద్ - షికాగో మధ్య వారానికొకసారి నేరు విమానం ప్రారంభించింది. కోటి జనాభా దాటిన మహానగరం నుంచి సైతం అది ఎక్కువ కాలం కొనసాగలేదు. రెండు వందలకు పైబడిన సీట్లను ఏడాది పొడవునా నింపాలి, అందులో ఎక్కువ ధర పెట్టే ముందు వరసలు నిండాలి. వేసవి, సంక్రాంతి, దసరాలకు కిక్కిరిసి, మిగతా కాలంలో ఖాళీగా ఉండే మార్గంలో సుదూర విమానాన్ని ఏ సంస్థా నడపదు. రన్‌వే పొడవు చూపి విమానం రావాలని డిమాండ్ చేయడం, రేవు ఉంది గనుక ఓడ రావాలనడం లాంటిదే.

మొదటి 70 కిలోమీటర్లు

అవనిగడ్డ నుంచి గన్నవరం విమానాశ్రయానికి తిన్నని గీత గీస్తే 58 కిలోమీటర్లు. రహదారిపై డెబ్బై దాటుతుంది. మోపిదేవి, చల్లపల్లి, కూచిపూడి మీదుగా పామర్రు చేరి, అక్కడి నుంచి గుడివాడ వైపో, మచిలీపట్నం - విజయవాడ జాతీయ రహదారిపై కంకిపాడు వైపో మళ్లాలి. పామర్రు దాటాక కంకిపాడు వరకు నాలుగు వరసల రహదారి ఉంది. చిక్కంతా అంతకు ముందున్న భాగంలోనే. కాలువ గట్టు వెంబడి ఇరుకు మలుపులు, ధాన్యం, చెరకు ట్రాక్టర్లు, ఆక్వా లారీలు, ఊరూరా వేగ నిరోధకాలు. పొగమంచు పట్టే డిసెంబరు, జనవరి ఉదయాల్లో ఇదే దారి మూడు గంటలు తీసుకుంటుంది. దుబాయ్ - డాలస్ విమానం ఇరవై నిమిషాలకు 300 కిలోమీటర్లు పోతుంది. అదే ఇరవై నిమిషాలు చల్లపల్లి కూడలి దాటడానికి సరిపోని రోజులున్నాయి.

2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగినప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లగా, గన్నవరం మచిలీపట్నం కేంద్రంగా ఉన్న కృష్ణా జిల్లాలోనే మిగిలింది. అంతర్జాతీయ విమానాశ్రయం, దివిసీమ, నిర్మాణంలో ఉన్న బందరు ఓడరేవు మూడూ ఒకే జిల్లాలో ఉన్నాయి. అయినా అవనిగడ్డ నుంచి గన్నవరం విమానాశ్రయానికి ఎక్కితే దిగేవరకు మారనవసరం లేని ఆర్టీసీ బస్సును విమాన వేళలకు తగినట్లు నడపాలన్న ఆలోచనకు ఇంతవరకు ప్రాధాన్యం దక్కలేదు. కారు కిరాయి భరించలేని గల్ఫ్ కార్మికుడు విజయవాడ బస్టాండులో మారి, అక్కడి నుంచి వెనక్కి గన్నవరం రావలసి వస్తోంది.

అమరావతి వద్ద కొత్త విమానాశ్రయం ప్రతిపాదన 2025లో తెరపైకి వచ్చింది. రాజధానికి అది అవసరమా కాదా అన్నది వేరే చర్చ. అంతర్జాతీయ విమానాలు భవిష్యత్తులో అటు తరలితే మాత్రం దివిసీమ వాసులు విజయవాడ దాటి కృష్ణా ఆవలి ఒడ్డుకు పోవలసి ఉంటుంది. ఆ ప్రయాణానికి ఎన్ని గంటలు పడుతుందో ఏ నివేదికా ఇంకా లెక్క వేయలేదు. గన్నవరం నుంచి గల్ఫ్ కూడలికి విమానం కోరేవారు చల్లపల్లి - పామర్రు రహదారి విస్తరణను అదే వినతిపత్రంలో చేర్చవలసి ఉంది. మొదటిది ఢిల్లీలో, విదేశీ సంస్థల కార్యాలయాల్లో తేలవలసిన వ్యవహారం కాగా, రెండోది మచిలీపట్నం కలెక్టరేట్‌లో కదలాల్సిన దస్త్రం.